క్లాసుకి సీఆర్ అయ్యాక: ఫిర్యాదు తీసుకెళ్లి జవాబు తేవడం ఎలా

సీఆర్ అంటే క్లాస్ రిప్రజెంటేటివ్, క్లాసు తరఫున మాట్లాడే విద్యార్థి ప్రతినిధి. సీఆర్‌గా పేరు ప్రకటించిన రోజు నుంచే రెండు వైపుల నుంచీ పనులు మొదలవుతాయి. క్లాసు వాళ్లు “స్టాటిస్టిక్స్ అస్సలు అర్థం కావట్లేదు, నువ్వే ఏదో ఒకటి చెప్పు” అంటారు. డిపార్ట్‌మెంటు వాళ్లు “ఈ నోటీసు గ్రూపులో పెట్టు, అటెండెన్స్ షీటు తీసుకురా” అంటారు. రెండోది సాయం, వీలుంటే చేయండి, లేకపోతే లేదు. అసలు పని మొదటిదే. కానీ “అర్థం కావట్లేదు” అన్న మాటను అలాగే తీసుకెళ్లి పైవాళ్ల ముందు పెడితే ఏమీ జరగదు. ఎవరైనా పట్టుకుని సరిచేయగలిగే విషయంగా దాన్ని మార్చాలి, సరైన మనిషి ముందు పెట్టాలి, వచ్చిన జవాబును క్లాసుకి చేర్చాలి. ఈ మూడింటిలో ఎక్కువమంది వదిలేసేది చివరిదే.

మొదటి రెండు వారాల్లో

మీ కోర్సు సమస్యల్ని అధికారికంగా వినే కమిటీ ఏదో ముందు కనుక్కోండి. క్లాస్ కమిటీ, కోర్సు కమిటీ, స్టాఫ్-స్టూడెంట్ కమిటీ అని ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో పేరుంటుంది. ఆఫీసుకి వెళ్లి నాలుగు సంగతులు అడిగి రాసుకోండి: ఈ సెమిస్టర్‌లో మీటింగ్ తేదీలు, ఎజెండాలో అంశం చేర్చాలంటే ఎన్ని రోజుల ముందు పంపాలి, అధ్యక్షత ఎవరిది, మినిట్స్ (మీటింగ్‌లో ఏం అనుకున్నారో రాసి ఉంచే కాగితం) రాసేది ఎవరు. ఎజెండా గడువు చాలాచోట్ల మీటింగ్‌కి వారం పది రోజుల ముందే ముగిసిపోతుంది. కొత్త సీఆర్‌లు మొదటి మీటింగ్‌లో మాట్లాడలేకపోవడానికి పెద్ద కారణం ఇదే. “ఇతర అంశాలు” దగ్గర చెప్పొచ్చులే అనుకుంటారు; ఆ వేళకి సగం మంది కుర్చీల్లోంచి లేస్తుంటారు.

గత రెండు మీటింగ్‌ల మినిట్స్ అడిగి చదవండి. మీరు లేవనెత్తబోయే విషయం పోయినేడే వచ్చి ఉండొచ్చు. కారణం చెప్పి కాదన్నారా, చేస్తామని చేయలేదా అన్నది తెలుస్తుంది. చేస్తామని చేయని అంశం దొరికితే మీ పని సగం అయినట్టే, ఎందుకంటే కొత్తగా ఎవర్నీ ఒప్పించనక్కర్లేదు. రాసి ఉన్న మాటను చూపిస్తే చాలు.

ఇదే రెండు వారాల్లో చేయాల్సిన మరో పని, అన్ని సబ్జెక్టుల గడువులూ ఒకే పట్టికలో వేయడం. వారాలు నిలువు వరుసలో, సబ్జెక్టులు అడ్డంగా. ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు, ల్యాబ్ రికార్డులు, ప్రాజెక్టు రివ్యూలు అన్నీ అందులోకి రావాలి. ఒకే వారంలో మూడు సబ్మిషన్లు పడ్డాయంటే అప్పుడే కనిపిస్తుంది. ఒక్కో లెక్చరర్‌కి తన సబ్జెక్టు తేదీలే తెలుసు, మొత్తం పట్టిక చూసే మనిషి తరచుగా సీఆర్ ఒక్కరే. మొదట్లో చూపిస్తే తేదీ మార్చడం ఒక మెసేజ్‌తో అయిపోతుంది. సెమిస్టర్ సగం దాటాక మార్చమంటే, పాత తేదీ చూసుకుని పని ముగించినవాళ్లు అన్యాయం అంటారు, వాళ్లదీ న్యాయమే. అన్నట్టు, తేదీ వేరు, మార్కుల శాతం వేరు. ఇంటర్నల్‌కి ఎంత, ఫైనల్‌కి ఎంత అన్నది సాధారణంగా ఏడాది మొదలవక ముందే ఆమోదమై ఉంటుంది. అది మధ్యలో కదలదు, వచ్చే బ్యాచ్ కోసమే అడగాలి.

క్లాసుకి పరిచయం చేసుకోవడానికి 2 నిమిషాలు చాలు. మీ పేరు, మిమ్మల్ని ఎలా కలవాలి, తర్వాతి మీటింగ్ ఎప్పుడు, ఏయే విషయాలు మీ దగ్గరికి తేవచ్చు. ఇంతే చెప్పండి, హామీలు వద్దు. వాట్సాప్‌లో రెండు గ్రూపులుంటే మేలు: అడ్మిన్లు మాత్రమే రాయగల ప్రకటనల గ్రూపు ఒకటి, మాట్లాడుకునే గ్రూపు ఒకటి. ఒక్క గ్రూపే ఉంటే పరీక్ష తేదీ మారిన మెసేజ్ పుట్టినరోజు శుభాకాంక్షల కింద పడి ఎవరికీ కనిపించదు. గ్రూపులో ఉండటం ఇష్టంలేని వాళ్లూ, నంబరు అందరికీ కనిపించకూడదనుకునే వాళ్లూ ఉంటారు. వాళ్లకి ఈమెయిల్ పంపండి.

ఏది మీది, ఏది కాదు

వచ్చిన ప్రతి ఫిర్యాదునూ నెత్తికెత్తుకుంటే మూడో వారానికే అలిసిపోతారు. ఒక క్లాసులో అప్పటికప్పుడు సర్దగలిగేవి, అంటే మైకు వినిపించకపోవడం, స్లైడ్లు ఆలస్యంగా పెట్టడం లాంటివి, నేరుగా ఆ లెక్చరర్‌కి చెప్పండి, కమిటీ దాకా అక్కర్లేదు. సిలబస్ క్రమం, మార్కులు వెనక్కి వచ్చే సమయం, ల్యాబ్‌లో పరికరాల కొరత, టైమ్‌టేబుల్ ఇవి కోర్సు స్థాయివి. కమిటీకి వెళ్లేవి ఇవే. లైబ్రరీ వేళలు, హాస్టల్, ఫీజు గడువులు కోర్సు చేతిలో ఉండవు. వాటిని విద్యార్థి సంఘానికో సంబంధిత ఆఫీసుకో పంపండి.

నాలుగో రకం దగ్గర గట్టిగా ఉండాలి. ఒక్కరి మార్కుల వివాదం, అనారోగ్యం, డబ్బు ఇబ్బంది, వేధింపు ఇవి ఆ వ్యక్తి సొంత విషయాలు. వేధింపు గురించి మీకు చెప్పుకుంటే శ్రద్ధగా వినండి, కానీ విచారణ మొదలుపెట్టకండి, అవతలి వాళ్లను పిలిచి అడగకండి. దాని కోసం యూనివర్సిటీలో ఏర్పాటు చేసిన కమిటీకో కౌన్సెలర్‌కో వెళ్లే దారి చూపించండి, కావాలంటే తోడు వెళ్లండి. “ఎవరికీ చెప్పను” అని ముందే మాటివ్వకండి. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందనిపిస్తే చెప్పాల్సిందే కదా. ఆ వ్యక్తి పేరు గానీ వివరం గానీ మీ నోట్సులో, గ్రూపులో, స్నేహితుల మధ్య ఎక్కడా రాకూడదు.

క్లాసు మాట వినడం

ముందు వరుస వాళ్లూ మీ స్నేహితులూ చెప్పింది క్లాసు అభిప్రాయం కాదు. మీ అభిప్రాయం అసలే కాదు. గ్రూపులో “అందరికీ ఓకేనా?” అని అడిగితే నలుగురు బొటనవేలు గుర్తు పెడతారు, మిగతా 56 మంది మౌనం. ఆ మౌనాన్ని అంగీకారంగా లెక్కేయడం చాలా తేలిక, చాలా ప్రమాదం కూడా.

గూగుల్ ఫామ్ లాంటిది పెడితే 3 నుంచి 5 ప్రశ్నలు, పూర్తి చేయడానికి 2 నిమిషాలకు మించకుండా చూడండి. 4 రోజులు తెరిచి ఉంచి, ముగిసే ముందు రోజు ఒక్కసారి గుర్తు చేయండి. పేర్లు, ఈమెయిళ్లు సేకరించే సెట్టింగ్ ఆఫ్‌లో ఉందో లేదో పంపే ముందు మీరే ఒకసారి నింపి చూసుకోండి. ఇక్కడ పొరపాటు జరిగితే రెండోసారి ఎవరూ నింపరు.

ప్రశ్న అడిగే తీరు దగ్గర జాగ్రత్త. “లెక్చర్లు మరీ వేగంగా ఉన్నాయి కదా?” అంటే జవాబు మీరే చెప్పేసినట్టు. “లెక్చర్ల వేగం: నెమ్మది, సరిపోయింది, ఎక్కువ” అని మూడు ఎంపికలివ్వండి. “నోట్స్, ల్యాబ్ బాగున్నాయా?” అని రెండు విషయాలు కలిపితే ఒకటి బాగుండి రెండోది బాగోని వాళ్లు ఏం నింపాలి? చివర్లో ఒక ఖాళీ పెట్టె: “ఒక్కటి మార్చగలిగితే ఏది మారుస్తారు?” పనికొచ్చే జవాబులు ఎక్కువగా ఈ పెట్టెలోనే దొరుకుతాయి. ఇంకో పెట్టె: “ఏది ఇలాగే కొనసాగాలి?” దీని అవసరం మీటింగ్ రోజు తెలుస్తుంది.

కోపంగా ఉన్నవాళ్లు ముందు నింపుతారు. అందుకే ఎందరు నింపారో ఎప్పుడూ చెప్పండి. 60 మందిలో 12 మంది నింపిన సర్వేని “క్లాసు అభిప్రాయం” అంటే మొదటి ప్రశ్నకే కూలిపోతుంది. ఫామ్ నింపని వాళ్లను మనుషులుగా వెతుక్కుని వెళ్లాలి: దూరం నుంచి వచ్చి క్లాసు కాగానే వెళ్లిపోయేవాళ్లు, ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు, రెండో ఏడాదిలో నేరుగా చేరినవాళ్లు, వేరే మాధ్యమంలో చదివి వచ్చినవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు. ల్యాబ్ బ్యాచ్‌లు మారే ఆ 5 నిమిషాలు ఇందుకు బాగా పనికొస్తాయి. టైమ్‌టేబుల్ మార్పులు ఎక్కువగా దెబ్బతీసేది వీళ్లనే, ముందుగా మాట్లాడనిదీ వీళ్లే.

ఫిర్యాదును అంశంగా మార్చడం

స్కాట్లాండ్‌లో విద్యార్థి ప్రతినిధులకు శిక్షణ ఇచ్చే స్పార్క్స్ అనే సంస్థ 2003 నుంచి ఉంది. వాళ్లు నేర్పే ఏబీసీడీ సూత్రం ఏ దేశంలో సీఆర్‌కైనా సరిపోతుంది. చెప్పేది కచ్చితంగా ఉండాలి (Accurate), మంచీ చెడూ రెండూ ఉండాలి (Balanced), పరిష్కారం వైపు చూపాలి (Constructive), మనిషి మీదికి పోకూడదు (Depersonalised). వినడానికి తేలికే. రాయడానికి కూర్చుంటేనే కష్టం తెలుస్తుంది, కాబట్టి ఒక ఉదాహరణ చూద్దాం.

క్లాసులో వినిపించిన మాట ఇది అనుకోండి: “ఆ సార్ పేపర్లు దిద్దరు, మార్కులు ఎప్పుడిస్తారో దేవుడికే తెలియాలి.” ఇది ఇలాగే మీటింగ్‌లో పెడితే ఆయన తన మర్యాద కాపాడుకునే పనిలో పడతారు, మిగతా స్టాఫ్ ఆయన పక్కన నిలబడతారు, చర్చ పేపర్ల మీద నుంచి ఆయన మీదికి మళ్లుతుంది. ఇప్పుడు అదే సంగతి నాలుగు ముక్కల్లో:

విషయం: స్టాటిస్టిక్స్ అసైన్‌మెంట్ 1 మీద వ్యాఖ్యలు అందకముందే అసైన్‌మెంట్ 2 ఇవ్వాల్సి వచ్చింది.
ఆధారం: మొదటిది 4వ వారంలో ఇచ్చాం, రెండోదాని గడువు 8వ వారం, మొదటిది తిరిగొచ్చింది 9వ వారంలో. 60 మందిలో 42 మంది సర్వే నింపారు, వారిలో 31 మంది ఇది ఇబ్బంది అన్నారు.
నష్టం: మొదటిదాంట్లో చేసిన తప్పులే రెండోదాంట్లోనూ చేశాం.
అడిగేది: ఇకపై తర్వాతి గడువుకి కనీసం 7 రోజుల ముందు వ్యాఖ్యలు అందాలి. అందరివీ దిద్దడం కుదరకపోతే, ఎక్కువమంది చేసిన తప్పులతో ఒక పేజీ నోట్ ఇచ్చినా సరే.

ఇందులో ఎవరి పేరూ లేదు. తేదీలు ఎవరైనా సరిచూసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, అడిగినదానికి రెండో మెట్టు ఉంది. 60 పేపర్లు 3 వారాల్లో దిద్దడం ఒక మనిషికి నిజంగా కుదరకపోవచ్చు. అప్పుడు “కుదరదు” తో కథ ముగిసిపోకుండా ఒక పేజీ నోట్ దగ్గర ఒప్పందం కుదురుతుంది. ప్రతి అంశానికీ ఇలా ఒక రెండో కోరిక సిద్ధంగా పెట్టుకోండి.

క్లాసు రెండుగా చీలిన విషయాలుంటాయి. ఉదయం 8 గంటల క్లాసు కావాలని 25 మంది, వద్దని 17 మంది అంటే, మీరు ఏ వైపు ఉన్నా రెండు సంఖ్యలూ చెప్పాలి, వద్దన్నవాళ్ల కారణాలతో సహా. బస్సు దొరకదు అన్న కారణం 17 కంటే బరువైనది కావచ్చు.

రాతపూర్వక వ్యాఖ్యలు జత చేసేటప్పుడు పేర్లు తీసేస్తే సరిపోదు. “నేను రెండోసారి రాస్తున్నాను కాబట్టి” అన్న వాక్యంతో మనిషి దొరికిపోతారు. 5 మంది కంటే తక్కువ ఉన్న గుంపుని విడిగా చూపించకండి. గ్రూపు చాట్ స్క్రీన్‌షాట్లు ఎట్టి పరిస్థితుల్లోనూ ముందుకు పంపకండి. ఒక్కసారి బయటికి వెళ్తే ఆ తర్వాత మీతో ఎవరూ మనసు విప్పి మాట్లాడరు.

మీటింగ్ కంటే ముందు

సబ్జెక్టు చెప్పే సార్‌కో మేడమ్‌కో ముందే చెప్పకుండా అంశాన్ని కమిటీలో పెట్టకండి. నలుగురి ముందు మొదటిసారి విన్న మనిషి ఒప్పుకోవడం అరుదు. క్లాసు అయ్యాక కారిడార్‌లో కాకుండా, 10 నిమిషాలు సమయం అడిగి కలవండి. ఇద్దరు సీఆర్‌లు కలిసి వెళ్తే ఇంకా మంచిది: ఒకరు మాట్లాడతారు, ఒకరు రాసుకుంటారు. “మేడమ్, అసైన్‌మెంట్ విషయంలో క్లాసు నుంచి ఒక మాట వచ్చింది, మీటింగ్‌కి ముందు మీకు చెబుదామని వచ్చాం” అని మొదలుపెడితే చాలు. సగానికి సగం ఇక్కడే తేలిపోతాయి. తేలినా సరే, ఏం అనుకున్నారో ఆ సాయంత్రమే నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి.

లెక్చరర్‌తోనే మాట్లాడలేని పరిస్థితి, అంటే అవమానించడం, పక్షపాతం లాంటి ఆరోపణ ఉంటే ఈ మెట్టు దాటేసి కోర్సు కోఆర్డినేటర్ దగ్గరికో విభాగాధిపతి దగ్గరికో వెళ్లండి. అది కమిటీలో బహిరంగంగా మాట్లాడే విషయం కూడా కాదు.

మీటింగ్‌లో

మూడు అంశాలకు మించి తీసుకెళ్లకండి. ఎనిమిది తీసుకెళ్తే వాళ్లకి తేలికైన రెండు తీసుకుని మిగతావి వదిలేస్తారు. బరువైనది ముందు పెట్టండి, ఒక్కోదానికి 2, 3 నిమిషాలు. “ఏది ఇలాగే కొనసాగాలి” అన్న పెట్టెలోంచి ఒక నిజమైన మంచి విషయంతో మొదలుపెట్టండి. ఇది పొగడ్త కోసం కాదు. ఏదైనా మార్చేటప్పుడు బాగున్నదాన్ని తీసేయకుండా ఉండటానికి. మినిట్స్‌లో లేని మంచి పద్ధతులు లెక్చరర్ మారగానే మాయమైపోతాయి.

మీకు ఎదురయ్యే జవాబులు కొన్నే. “చూద్దాం” అంటే, “ఎవరు చూస్తారు సార్, తర్వాతి మీటింగ్‌లోపు తెలుస్తుందా?” అని అడగండి. పేరూ తేదీ లేని హామీ మినిట్స్‌లోకి ఎక్కదు. “కొందరే అంటున్నారు” అంటే సర్వే సంఖ్య చెప్పండి, ఎక్కువ తక్కువ చేయకండి. “మీవాళ్లు క్లాసుకే రారు” అంటే వాదనకి దిగొద్దు. హాజరు తక్కువైతే ఎందుకు తక్కువో వచ్చే సర్వేలో అడుగుతామని చెప్పి, ఉన్న అంశానికి తిరిగి రండి. “రూల్స్ ఒప్పుకోవు” అంటే ఏ రూలు, దాన్ని మార్చగల కమిటీ ఏది అని మర్యాదగా అడగండి. కొన్నిసార్లు రూలు నిజంగానే ఉంటుంది, అప్పుడు మీ దారి ఆ పై కమిటీలో కూర్చునే విద్యార్థి ప్రతినిధి. కొన్నిసార్లు అది అలవాటు మాత్రమే. ఏ రూలో చూపించమంటే ఏమీ దొరకదు. అప్పటికప్పుడు జవాబు తెలియని ప్రశ్న మిమ్మల్ని అడిగితే “క్లాసుని అడిగి శుక్రవారంలోపు చెబుతాను” అనండి, ఊహించి చెప్పకండి.

డ్రాఫ్ట్ మినిట్స్ వచ్చాక మీ అంశాలు మాత్రం అక్షరం అక్షరం చదవండి. “చేస్తామన్నారు” అన్నది “పరిశీలించారు” గా మారిపోవడం మామూలే. తేడా ఉంటే మీ నోట్సు చూసి వెంటనే మర్యాదగా రాయండి; తర్వాతి మీటింగ్‌లో ఆమోదం పొందాక మార్చడం కష్టం. ఈ కాగితానికి విలువ తక్కువేం కాదు. కోర్సును సమీక్షించడానికి బయటి నుంచి వచ్చే బృందాలు విద్యార్థుల మాట విన్నారా లేదా అని ఆధారాలు అడుగుతాయి. యూరప్‌లో 2015 నాటి నాణ్యతా ప్రమాణాల ప్రకారం అలాంటి బృందంలో విద్యార్థి సభ్యుడు కూడా ఉండాలి. అంటే మీ మినిట్స్ చదివే వాళ్లలో మరో విద్యార్థి ఉండొచ్చు.

జవాబు క్లాసుకి

మీటింగ్ అయిన 48 గంటల్లో చెప్పండి. వారం దాటితే మీరేమీ చేయలేదన్న మాట ఖాయమవుతుంది. ఒక్కో అంశానికి ఒక్క లైను: ఏం అడిగాం, ఏమన్నారు, ఎవరు చేస్తారు, ఎప్పటికి. కాదన్నవి కూడా కారణంతో సహా పెట్టండి. చాలామంది సీఆర్‌లు ఇక్కడ మొహమాటపడి కాదన్నవి దాచేస్తారు. దాంతో అదే ఫిర్యాదు మళ్లీ వస్తుంది, మళ్లీ సర్వే, మళ్లీ అదే జవాబు. కారణం తెలిస్తే క్లాసులోనే ఎవరో ఒకరు వేరే దారి చెబుతారు.

కమిటీలో విన్నవన్నీ పంచుకునేవి కావు. ఫలానా లెక్చరర్ సెలవు ఎందుకు పెట్టారు, ప్రశ్నపత్రం తయారీ గురించి ఏం మాట్లాడారు, ఒక విద్యార్థి వ్యక్తిగత విషయం ఇవి గదిలోనే ఉండాలి. సందేహం ఉంటే “ఇది క్లాసుకి చెప్పొచ్చా?” అని అధ్యక్షుణ్ని అక్కడే అడిగేయండి.

నడుస్తున్న లెక్క

ఒక స్ప్రెడ్‌షీట్ పెట్టుకోండి: తేదీ, విషయం, ఎంతమంది అన్నారు, ఎవరికి చెప్పాం, జవాబు, మళ్లీ అడగాల్సిన తేదీ. ఆరో గడి ఖాళీగా ఉంటే ఆ అంశం మరుగునపడ్డట్టే. మొత్తం సీఆర్ పనికి మామూలు వారాల్లో గంట, గంటన్నర. మీటింగ్ ఉన్న వారంలో 4, 5 గంటలు పడుతుందనుకోండి. రాత్రి 9 తర్వాత మెసేజ్‌లకి మర్నాడే జవాబు అని మొదటి రోజే చెప్పేస్తే ఎవరూ నొచ్చుకోరు, మధ్యలో మొదలుపెడితే నొచ్చుకుంటారు. మీ సొంత పరీక్షల వారంలో ఎవరు చూసుకుంటారో రెండో సీఆర్‌తో ముందే అనుకోండి.

ఏడాది చివర అప్పగించేటప్పుడు కొత్త సీఆర్‌కి స్ప్రెడ్‌షీట్, మినిట్స్, గడువుల పట్టిక, ఇంకా తేలని అంశాలతో రెండు పేజీల నోటు ఇవ్వండి. ఏ విషయానికి ఎవరిని కలవాలి, ఏ వేళలో దొరుకుతారు అన్నది కూడా అందులో రాయండి. ఇది ఏ వెబ్‌సైట్‌లోనూ ఉండదు. సర్వే ముడి జవాబులు మాత్రం అప్పగించకండి. మొత్తాల సంఖ్యలు ఉంచి, విడి జవాబులూ డౌన్‌లోడ్ చేసిన కాపీలూ చెరిపేయండి. కమిటీ మెయిల్ లిస్టులో మీ పేరు బదులు కొత్తవాళ్ల పేరు చేర్చమని ఆఫీసుకి రాయండి. ఇది మర్చిపోతే వచ్చే సెమిస్టర్ మొదటి మీటింగ్ ఎజెండా మీ ఇన్‌బాక్స్‌కే వస్తుంది, కొత్త సీఆర్‌కి గడువు అయిపోయాక తెలుస్తుంది.